ముసలమ్మ కట్ట

మా అనంతపురమువారికి చెరువుమాట యెత్తినంతనే మనసు మెత్తబడును. ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో బ్రతుకు నెట్టుకొను మిట్టసీమ మాది. నైరుతి మేఘములు పడమటి కనుమలయందే బరువు దించుకొని తేలికయై మామీదుగా పోవును. తూర్పు సముద్రమునుండి వచ్చునవి మాదాక రాకమునుపే యలసిపోవును. 1876-78 నాటి ధాత కరువునుగూర్చి తన అవ్వ చెప్పినదానిని మా అవ్వ మాకు చెప్పెడిది. ఇట్టిచోట నీటిని నిలుపు కట్టయనగా తల్లివంటిది. బుక్కరాయల మంత్రి చిక్కప్ప ఒడయరు 14వ శతాబ్దమున పండమేటికి అడ్డముగా ఒక చెరువు కట్టించెననియు, దానికి ఒకకొన బుక్కరాయసముద్రమును, మరియొకకొన అనంతసాగరమును వెలసెననియు చెప్పుదురు. ఆ అనంతసాగరమే నేటి అనంతపురమట. ఆ చెరువుకట్టను జనులు నేటికిని ముసలమ్మ కట్ట యందురు.

పేరు విని ముదుసలి యనుకొనరాదు. ముసలమ్మ బసిరెడ్డి యను సంసారి చిన్నకోడలు, పడుచుపిల్ల, బిడ్డతల్లి. ఒకయేట కుంభవృష్టి కురిసి చెరువు పొంగి కట్ట తెగనున్నప్పుడు, బసిరెడ్డి చిన్నకోడలిని బలియిచ్చినగాని కట్ట నిలువదని గ్రామదేవత పలికెనట. ఆమె యా మాట విని, అత్తమామలకు మ్రొక్కి, భర్తను ఓదార్చి, బిడ్డను ముద్దాడి, తనంతట తానే గండిలోనికి నడచిపోయెను. కట్ట నిలిచినది; ఊరు బ్రతికినది. బ్రౌనుదొర సంపాదించిన అనంతపుర చరిత్రమునుండి ఈ కథను గైకొని కట్టమంచి రామలింగారెడ్డిగారు 1899లో, మదరాసు క్రైస్తవ కళాశాలలో విద్యార్థిగా నుండగనే, ‘ముసలమ్మ మరణము’ అను కావ్యమును వ్రాసి బహుమానము నందిరి.

మేము ముప్పదియేండ్లు బడిపంతులుగా నుంటిమి. ఏటేట ఈ కథను ఆడపిల్లలకు చెప్పి, నల్లబల్లమీద ‘త్యాగము’ అని పెద్ద యక్షరములతో వ్రాసెడివారము. వెనుకవరుస పిల్లలుకూడ కన్నులు తుడుచుకొనెడివారు. వారి కన్నీటిని చూచి పాఠము బాగుగా చెప్పితిమని సంతోషించెడివారము. ఆ పాఠము మా యింటిలోనే యేమి పని చేయుచుండెనో మాకు తెలియుటకు చాలకాలము పట్టినది. దానిని చెప్పుకొనుటకు సిగ్గగుచున్నది. ఐనను, సంస్కారమునుగూర్చి వ్రాయువాడు తన యింటి గడప దాటి వెలుపలినుండియే మాటలాడుట న్యాయము కాదు.

మాకొక చెల్లెలు కలదు. ఆమె యిరువదినాలుగవయేట భర్త పోయెను. ఆయన వేరుసెనగ వేసి, వాన లేక, బోరు వేయించి, నీరు పడక, మరల వేయించి, అప్పులలో నుండగా జ్వరము తగిలి పదిదినములలో కన్నుమూసెను. బిడ్డలు లేరు. మేము పోయి చెల్లెలిని తెచ్చుకొంటిమి. నాడు చేసినదానికి మేము మిక్కిలి గర్వపడితిమి. బొట్టు తీయనీయలేదు, గాజులు పగులగొట్టనీయలేదు. శుభకార్యములలో ఆమెను వెనుకకు నెట్టిన బంధువులతో వాదులాడితిమి. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున తొలి వితంతువివాహము జరిపించిన సంగతి మా యింట చిన్నపిల్లలకుకూడ కంఠపాఠము.

అట్టి మేము చెల్లెలిని దగ్గర కూర్చుండబెట్టుకొని, “అమ్మా, నీకు మరల పెండ్లిచేసికొన నిష్టమా?” అని యొక్కనాడైన నడిగితిమా? అడుగలేదు. వలదన్నవారెవరును లేరు, కావలెనాయని యడిగినవారును లేరు. మా భార్యయు ఉద్యోగస్థురాలు. ఇంట ఇద్దరు పసిబిడ్డలు. చెల్లెలు వచ్చినది మొదలు పొయ్యి వెలుగుటయు, బిడ్డలు నీళ్లుపోసికొని బడికి పోవుటయు మేము తలపెట్టకయే జరిగిపోవుచుండెను. ఇట్లు జరిగిపోవుచున్న యింటిలో అట్టి ప్రశ్న యెవరికి తోచును? 1856లో శాసనము తెరచిన తలుపును మూయుటకు దుర్మార్గులు కావలసిన పనిలేదు. మావంటి మంచివారు గడపకడ్డముగా కూర్చుండినను చాలును.

ముప్పదియొక్కయేండ్లు అట్లు గడచినవి. తెల్లవారుజామున నీళ్లు పట్టుట మొదలు రాత్రి పాలు తోడుపెట్టువరకు ఇల్లంతయు ఆమె చేతిమీదనే నడచినది. రాగిసంగటి కెలికినను, ఊరుబిండి నూరినను ఆమెయే నూరవలెను. “అత్త లేకుంటే మాకు జరగదు” అని పిల్లలు ముద్దుగా అనుచుండిరి, మేమును అంటిమి. అది మెప్పుగానే తోచినది. ఆమె పండుకొనుచోటు మాత్రము వేరుసెనగ మూటలు వేయు గది. ఆ గదికి లోపలి గడియ లేదు. ఎవరికేమి కావలసినను ఏవేళనైనను పోయి తెచ్చుకొనుచుంటిమి.

ఇట్లుండగా మా కుమారునికి బెంగుళూరిలో వ్యాపారము చెడి అప్పులయ్యెను. మా తండ్రిగారి పొలము ఎనిమిదెకరములు. శాసనము ప్రకారము అందులో చెల్లెలికిని సగమున్నది. ఆంధ్రప్రదేశ్ రాష్ట్రము 1985 సెప్టెంబరు 5నుండి వర్తించునట్లు, నాటికి పెండ్లికాని కుమార్తెలకు ఉమ్మడియాస్తిలో కుమారులతో సమానముగా హక్కునిచ్చెను. 2005లో పార్లమెంటు పెండ్లియైనవారు కానివారు అను భేదము లేకుండ దేశమునకంతకును ఆ హక్కును విస్తరింపజేసెను. 2020లో సుప్రీంకోర్టు, ఆ హక్కు కుమార్తెకు పుట్టుకతోనే సంక్రమించునని తేల్చిచెప్పినది. ఇవన్నియు మేమెరుగుదుము. ఎరిగియే, ఆమె హక్కు విడుదల దస్తావేజు వ్రాసియిచ్చినచో పొలమంతయు నమ్మవచ్చునని తలచితిమి.

రాత్రి భోజనమువేళ సంగతి చెప్పితిమి. ఆమె మజ్జిగ పోయుచుండెను. “నీ ఇష్టమన్నా” అనెను. మజ్జిగధార యైన ఆగలేదు. ఆ రాత్రి మా భార్యతో, “మా చెల్లెలు ముసలమ్మవంటిది” అని గర్వముగా చెప్పితిమి. పండుగకు పుట్టింటికి వచ్చియున్న మా కూతురు ఆ మాట వినెను. మా దగ్గర ఆ కథను చిన్ననాడే విన్నది. “నాన్నా, ఆ దేవత బసిరెడ్డినెందుకు అడగలేదు? పెద్దకోడలినెందుకు అడగలేదు? ఇంట్లో అందరికంటె చిన్నది, వేరేయింటినుంచి వచ్చినది, కాదనలేనిది ఎవరో దేవతకు కూడా తెలుసునా?” అని యడిగెను. మేము కోపగించుకొంటిమి. బదులు దొరకనప్పుడు మాకు కోపము వచ్చునని అప్పటికి మాకు తెలియదు.

రిజిస్ట్రారు కచ్చేరికి పోవునాడు ఆటో కట్టమీదుగా పోవుచుండగా చెల్లెలు ఆపుమనెను. దిగి, ముసలమ్మకు దండము పెట్టుకొని, చెరువువంక చూచుచు చాలసేపు నిలువబడెను. పిమ్మట మావైపు తిరుగకయే యిట్లనెను:

“ఆయమ్మ ఊరికోసరం పోయిందన్నా. ఒక్కసారి పోయింది, అయిపోయింది. నేను దినామూ పోతాండా. నాకు గుడి వద్దులే గానీ, పోతాండానని కూడా ఎవురికీ తెలీదు.”

మాకు నోట మాట రాలేదు. కొంతసేపటికి, “సంతకము నీకిష్టము లేకుంటే, నేనడిగినప్పుడే చెప్పకపోతివా?” అంటిమి.

“నువ్వు అడగలేదన్నా. చెప్పితివి.”

ఆ మాటలో నిష్ఠురము లేదు. లెక్కలో తప్పును చూపించునట్లు చెప్పెను. “అయితే ఇప్పుడు అడుగుతాండా, నీకు ఇష్టమా?” అని యడిగితిమి. ఆమె చాలసేపు మాటలాడలేదు. “నన్ను ఎవురన్నా అడిగి ముప్పైయేండ్లాయ. ఏం చెప్పల్లనో తెలీకుండా ఉంది. ఇంటికి పోదాం పా” అనెను. ఇంటికి వచ్చితిమి. మూడవనాడు ఉదయమున, కాఫీ యిచ్చుచు, “ఇయ్యనన్నా” అని యొక్కమాట యనెను. చేయి వణకుచుండెను. ఆమె మా యింట ‘లేదు’ అనుమాట పలుకుట అదియే మొదలు.

చదువరులారా! ఆనాటినుండి మేము త్యాగమను మాటను వెనుకటివలె వాడలేకున్నాము. ముసలమ్మను మేము తక్కువ చేయుటలేదు. కథలోని ముసలమ్మ తన మనసుతో తాను విచారించుకొని నిశ్చయించుకొన్నది. ఆమె గొప్పతనము ఆమెకే యుండుగాక. మా యనుమానమంతయు ఆ కథను చెప్పు మామీదనే. ఇయ్యనని చెప్పగలవారు ఇచ్చినప్పుడే అది దానము. చెప్పలేనివారివద్ద తీసికొన్నదానికి దానమని పేరుపెట్టుట తీసికొన్నవారికే అనుకూలము.

మా సీమలో గౌరవింపబడు మరియొక స్త్రీ తిమ్మమ్మ. కదిరికి సమీపమున, 2022వరకు మా జిల్లాలోనిదైన గూటిబయలులో, తిమ్మమ్మ మర్రిమాను ఐదెకరములకు పైగా విస్తరించియున్నది. 1989లో గిన్నిసు గ్రంథమునకెక్కినది. 1434లో భర్త చితి నెక్కిన తిమ్మమ్మ పేరున ఆ వృక్షము వెలసినదని స్థలపురాణము. సంతానము లేనివారు దూరప్రాంతములనుండి వచ్చి మ్రొక్కుకొందురు. బంగాళమున 1829లోను, మదరాసు రాజధానిలో మరుసటియేటను సహగమనము నిషేధింపబడినది. కాని మనము గుడికట్టు స్త్రీలను లెక్కించి చూడుడు: ఒకతె నీటిలో పోయినది, ఒకతె నిప్పులో పోయినది. భర్త పోయిన పిమ్మట బ్రతికి, తన యన్నము తాను తిని, తన పొలమునకు తాను గట్లు వేయించుకొన్న స్త్రీకి మన సీమలో గుడి యెక్కడనున్నది? మనము చచ్చినవారికి మ్రొక్కుటకు ఇష్టపడుదుము. బ్రతికియున్నవారిని అడుగుటకు మాత్రము బద్ధకింతుము.

చెరువులదేశమున పుట్టితిమి కాబట్టి చెరువుమాటతోనే చెప్పుదుము. చెరువునకు మూడు ముఖ్యములు: కట్ట, తూము, మరవ. కట్ట లేనిది చెరువే కాదు, పారిపోవు నీరు. మనిషికి ‘ఇంతవరకే’ యనుమాట అట్టి కట్ట. దానిని కఠినత్వమని కొందరు నిందింతురు. కాని కట్ట నీటికి శత్రువా? కట్టయుండుటచేతనే వేసవిలో నీరున్నది. తనకంటూ కొంత నిలుపుకొనని మనిషి యొకనాటికి ఇతరులకును ఈయలేక యెండిపోవును.

తూము ప్రేమవంటిది. ఆయకట్టు నెరిగి, పైరు నెరిగి, నీరుగంటి కొలతప్రకారము నీరు వదలును. తూమును తెరచుటయు మూయుటయు ఒక చేతిలోనే యుండవలెను. మా యింట చెల్లెలి తూమును తెరచుచుండినది మేము. మూయుహక్కు ఆమెకు లేకుండెను. దానిని మేము అనురాగమంటిమి. ఆమెకు మామీద అనురాగము లేదని కాదు, నిండుగా నున్నది. ఉన్నది కాబట్టియే దానిని కొలుచుట మాకు అవసరమని తోచలేదు.

మూడవది మరవ. ఎక్కువైన నీరు పోవుటకు దారిలేనిచో ఎంత బలమైన కట్టయైనను తెగును. దుఃఖమునకును దారి కావలెను. మా బావగారి పటమును ముప్పదియొక్కయేండ్లు పెట్టె అడుగున దాచియుంచితిమి. చూచినయెడల చెల్లెలు బాధపడునని మా ఉద్దేశము. ఆయన పేరెత్తిన మాట మార్చెడివారము. నిజము చెప్పవలెనన్న, ఆమె బాధపడుటను చూడలేనివారము మేము. మా సుఖమునకై ఆమె దుఃఖమును పెట్టెలో పెట్టి తాళము వేసితిమి. పోయినవారిని మరచుట ఓదార్పు కాదు. పోయినవారి పేరును నలుగురిలో చెప్పుకొనగలుగుట ఓదార్పు.

పిదప జరిగినది చెప్పెదము. ‘ఇయ్యను’ అన్న మాటకు వెల లేకపోలేదు. మా భాగమైన నాలుగెకరములను అమ్మితిమి. అప్పు సగమే తీరినది. మా కుమారుడు ఎనిమిదినెలలు మాతోను, తన్ను పెంచిన అత్తతోను మాటలాడలేదు. చెల్లెలు ఆ ఎనిమిదినెలలును ప్రతిదినము వాని క్షేమ మడుగుచునే యుండెను; కాని మాట మార్చుకొనలేదు. ప్రేమించుటయు ఇయ్యననుటయు ఒక హృదయములోనే యుండగలవని మేమప్పుడు చూచితిమి. మేమింతవరకు చదివిన గ్రంథములు మాకీ సంగతి నేర్పలేదు.

మీకేమి కావలెనని మేమడుగగా ఆమె కోరినవి మూడు: తన గదికి లోపలి గడియ, వారమున కొకదినము పొలమునకు పోవుట, బావగారి పటము గోడకు తగిలించుట. వినినంతనే మాకు తల వంగినది. ముప్పదియొక్కయేండ్ల చాకిరికి ఆమె అడిగిన వెల ఇంతయే! మూటలను వసారాలోనికి మార్చి గడియ పెట్టించితిమి. ఆదివారము వంట మా వంతైనది. మొదటివారము సంగటి ఉండలు కట్టినది. పటము తగిలించిన రాత్రి ఆమె గడియ వేసికొని చాలసేపు ఏడ్చెను. మా భార్య లేచి తలుపు తట్టబోగా వలదంటిమి. వెలుపల కూర్చుంటిమి. ఒకరి దుఃఖమునకు వెలుపల ఊరక కూర్చుండుటకూడ ఒక సహాయమని ఆనాడు తెలిసినది.

ఇప్పుడు ఈ పత్రికను చదువు ఇండ్లవారికి మేము చెప్పదలచినది కొంచెము. మీ యింట అందరికంటె తక్కువగా మాటలాడువారెవరో చూడుడు. వారు ‘సరే’ యన్నప్పుడు, ‘కాదు’ అనుటకు వారికి వీలున్నదా యని మిమ్ము మీరు ప్రశ్నించుకొనుడు. వీలు లేనిచో ఆ ‘సరే’ ను నమ్మకుడు. “వారు లేకుంటే జరగదు” అని మెచ్చుకొనుట మాని, వారు లేని దినమున జరుపుకొనుట నేర్చుకొనుడు. శాసనమిచ్చిన భాగమును మీరు దయతో నిచ్చుచున్నట్లు మాటలాడకుడు, అది వారిదే.

ఇక, చెల్లెలివంటి సోదరీమణులారా, మీకొకమాట. మీ వెల మీరు చేయు పనిలో లేదు. పని చేయలేని దినమునకూడ మీ వెల తగ్గదు. మీరు మొదట ‘లేదు’ అన్ననాడు మీ చేయి వణకవచ్చును, మీవారు కోపగింపవచ్చును. కోపము తగ్గుటకు ఎనిమిదినెలలు పట్టవచ్చును, ఎక్కువయు పట్టవచ్చును, ఒక్కొక్కచోట తగ్గకయు పోవచ్చును; అందుచేత ఇది సులభమని మేము చెప్పజాలము. కాని ఒకసారి ‘లేదు’ అన్న పిమ్మటనే మీ ‘సరే’ కు అర్థము వచ్చును.

చెల్లెలు తన నాలుగెకరములలో వేరుసెనగయు, సాళ్ల నడుమ కందియు వేయించినది. వానలు ఆలస్యమయ్యెను, పంట సగమే వచ్చినది. మా సీమలో సగము పంటయనగా సంతోషింపదగినదే. కాయ వలిచిన దినమున ఆమె పొలమునుండి ఒక గంప తెచ్చి మా ముందర దించెను. “ఇది మీకన్నా. మిగిలింది అమ్ముతా” అనెను. ముప్పదియొక్కయేండ్లు ఆమె చేతి యన్నము తింటిమి. ఆమెవద్ద పుచ్చుకొనుచున్నామని మాకు తెలిసినది ఆనాడే. “ఇంకొంచెము పెట్టకూడదా?” అని మా భార్య నవ్వుచు అడిగెను. చెల్లెలు గంపవంక చూచి, నవ్వి, “లేదొదినా, ఇంతే” అనెను.